బలిపీఠం వెనక మూడు రంగుటద్దాల కిటికీలు: ఒక విచారణ దేవాలయంలో మరమ్మతు

ఉత్తరాంధ్ర తీరంలో, సముద్రానికి కిలోమీటరు లోపే ఉన్న ఒక కథోలిక విచారణ (పారిష్) దేవాలయం ఇది. విచారణ పెద్దల కోరిక మీద ఊరి పేరు రాయడం లేదు. ఇటుక, సున్నం కట్టడం. బలిపీఠం వెనక గోడ తూర్పు ముఖం. అందులో పైన కోసుగా ముగిసే మూడు కిటికీలున్నాయి. నడిమిది మరియమాత మోక్షారోపణం (ఆమె పరలోకానికి ఎత్తబడటం), ఎడమవైపు జోజప్ప (మరియమాత భర్త పునీత యోసేపు), కుడివైపు పునీత అంతోనివారు. ఒక్కొక్కటి 760 మి.మీ. వెడల్పు, 2,740 మి.మీ. ఎత్తు. కిటికీకి నాలుగేసి పలకలు, ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. మొత్తం 12 పలకలు. ఒక్కో పలక బరువు 11 నుంచి 13 కిలోలు.

రంగుటద్దాలంటే మన దగ్గర చాలామందికి మెదక్ చర్చే గుర్తొస్తుంది. అది సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వారిది. అక్కడి మూడు పెద్ద కిటికీలు 1927, 1947, 1958లలో వచ్చాయి. విచారణ దేవాలయాల్లో ఉన్నవి చాలావరకు చిన్నవి, సంతకం లేనివి. ఫ్రాన్సిస్ డి సాలెస్ సభ గురువులు 1846లో అన్నెసీ (ఇప్పటి ఫ్రాన్స్) నుంచి విశాఖకు వచ్చారు. అలాంటి మిషన్ల దారిలోనే యూరప్ సరుకు ఈ ఊళ్లకు చేరేది. ఈ మూడు కిటికీలకూ కాగితాలు లేవు. గాజు మాత్రం నోటితో ఊది చేసినదే. ఒకే ముక్కలో మందం 2 నుంచి 4 మి.మీ. దాకా మారుతుంది, లోపల సన్నటి బుడగలున్నాయి.

ఫిర్యాదులు మూడు. కింది పలకలు పొట్ట పెట్టాయి. వానొస్తే పీఠం వెనక గోడ తడుస్తోంది. జోజప్ప మొహం చెరిగిపోయింది. విచారణ చేతిలో అప్పటికే ఒక కొటేషన్ ఉంది: 12 పలకలూ విప్పి, గాజు ముక్కల్ని పట్టి ఉంచే సీసం పట్టీలు కొత్తవి వేయడం, మొహాలు మళ్లీ గీయడం, బయట కొత్త ప్లాస్టిక్ షీటు బిగించడం. పరిశీలన అయ్యాక, మరమ్మతు చేసేవాళ్లుగా మేమిచ్చిన నివేదిక దీనికి పూర్తిగా ఎదురు. ముందు బయట ఇప్పటికే ఉన్న ప్లాస్టిక్ షీటు తీసేయాలి, సీసం ఐదు పలకలకే మార్చాలి, పాత గాజు మీద కుంచె పెట్టకూడదు.

అసలు ఏం జరిగింది

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటిన తర్వాత, ఈ కిటికీలకు రక్షణగా బయట పాలీకార్బొనేట్ ప్లాస్టిక్ షీటు వేశారు. ఉద్దేశం మంచిదే. పద్ధతే కిటికీలను తినేసింది. షీటును గోడకు స్క్రూలతో బిర్రుగా బిగించి నాలుగు అంచులా సిలికాన్ పూశారు. గాలి ఆడే సందు ఎక్కడా లేదు. తూర్పు గోడ కాబట్టి పొద్దున్నే ఎండ సూటిగా పడుతుంది. బయట నీడలో 34 డిగ్రీలున్నప్పుడు షీటుకూ గాజుకూ మధ్య 58 డిగ్రీలు నమోదైంది. రాత్రికి అదే గాలి చల్లబడి, అందులోని తేమ గాజు వెనక నీరుగా దిగేది. వేడి, తడి, మళ్లీ వేడి. సీసం పట్టీల్లోని పుట్టీ నూనె ఇంకిపోయి పొడిగా రాలిపోయింది. కింది పలకల మీద పచ్చటి నాచు పట్టింది.

షీటు సైజు మార్పు సంగతీ చూడాలి. పాలీకార్బొనేట్ 2.74 మీటర్ల పొడవుకు, 30 డిగ్రీల తేడాకు, ఐదు మిల్లీమీటర్లకు పైగా పెరుగుతుంది. స్క్రూలు కదలనివ్వవు కాబట్టి షీటు లోపలికి వంగి నడిమి పలకలకు ఆనింది. వాళ్లు వాడిన సిలికాన్ వెనిగర్ వాసన వచ్చే రకం. అది ఆరుతున్నప్పుడు విడుదలయ్యే ఎసిటిక్ ఆమ్లం సీసానికి శత్రువు. అంచు పట్టీల మీద తెల్లటి పొడి పేరుకున్నది సరిగ్గా సిలికాన్ పూసిన వరసలోనే. వేలితో రుద్దితే ఊడొచ్చే ఆ పొడి విషం, ముట్టుకోకూడదు.

పొట్ట పెట్టడానికి ఇంకో కారణం కూడా ఉంది. సీసం మెత్తటి లోహం. తన బరువు కిందే ఏళ్ల తరబడి మెల్లగా సాగుతుంది. వేడికి గాజు కంటే మూడు రెట్లు ఎక్కువ వ్యాకోచిస్తుంది, చల్లబడ్డాక పూర్తిగా వెనక్కి రాదు. అందుకే ప్రతి పలకకూ వెనక అడ్డకమ్మీలు పెట్టి, సీసానికి టంకం వేసిన రాగి తీగలతో వాటికి కడతారు. బరువును కమ్మీలకు అందించేది ఆ తీగలే. ఇక్కడ కింది రెండు వరసల్లో తీగలు దాదాపు అన్నీ తెగిపోయి ఉన్నాయి. తీగ తెగాక పై పలకల బరువంతా కింది పలక మీద పడింది. జోజప్ప కిటికీ కింది పలక 28 మి.మీ., మరియమాత పలక 22 మి.మీ. లోపలికి ఉబ్బాయి. 760 మి.మీ. వెడల్పు పలకలో ఉబ్బు 10 మి.మీ. లోపుంటే, గాజు పగలకుండా, టంకం కీళ్లు చీలకుండా ఉంటే, దాన్ని అలాగే వదిలేస్తాం. 20 దాటితే వదలడానికి లేదు.

కమ్మీలు పాత ఇనుము. ఉప్పుగాలికి తుప్పు పట్టాయి. తుప్పు ఇనుము కంటే చాలా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి కమ్మీ కొసలు గోడలో ఉబ్బి ఇటుకల్ని చీల్చాయి, పక్కనున్న గాజు అంచుల్ని పగలగొట్టాయి. ఆ చీలికల్ని ఏ మేస్త్రీయో సిమెంటుతో పూడ్చాడు. సిమెంటు గాజుకు పట్టుకుంటే తర్వాత గాజు పగలకుండా ఊడదు. పీఠం వెనక తడి వస్తున్నది కిటికీ నుంచి కాదు, ఈ సిమెంటు అతుకుల పక్కనున్న చీలికల నుంచే. రంగుటద్దం కారుతోందని పిలిచిన చోట్ల మొదట చూడాల్సింది పలక అంచు కూర్చునే గాడినీ గోడనూ.

జోజప్ప మొహం సంగతి వేరు. గాజు మీద గీతలు గీసే నల్ల రంగు అంటే ఇనుము లేదా రాగి ఆక్సైడు, మెత్తగా నూరిన గాజుపొడి. దాన్ని జిగురు నీటితో కలిపి గీసి, 620 నుంచి 680 డిగ్రీల దగ్గర కొలిమిలో కాలిస్తే గాజులో కరిగి అతుక్కుంటుంది. వేడి చాలకపోతే పైపైన నిలుస్తుంది, తడికి, రుద్దుడికి ఊడిపోతుంది. ఈ కిటికీల్లో మొహాల గీతలే బలహీనంగా ఉన్నాయి. బట్టల మడతల గీతలు గట్టిగా ఉన్నాయి. అంటే మొహాలు విడిగా, తక్కువ వేడికి కాలి ఉండాలి. ఆ బలహీనతకు పండుగ శుభ్రత తోడైంది. బాత్రూం ఆసిడ్ కలిపిన నీళ్లు, కొబ్బరి పీచు. లోపలి వైపు, చేతికందే ఎత్తులో, రంగు ఏ మేరకు పోయిందో అంతవరకే ఆ చెయ్యి అందింది. జోజప్ప మొహం కింద నుంచి రెండో పలకలో ఉంది. నిచ్చెన మీద నిలబడితే సరిగ్గా అందే చోటు. పైనున్న దేవదూతల మొహాలు చెక్కు చెదరలేదు.

దించేముందు

ఫొటోలు రెండు రకాలుగా తీశాం: వెనక నుంచి వెలుగు వస్తుండగా ఒకసారి, పక్క నుంచి వాలుగా దీపం పెట్టి ఒకసారి. మొదటిది రంగులు చూపిస్తుంది. రెండోది ఉబ్బును, రేగిన రంగు పొరను చూపిస్తుంది. తర్వాత ప్రతి పలక మీదా పల్చటి కాగితం పరచి నల్ల మైనం క్రేయాన్‌తో రుద్ది, సీసం గీతల అచ్చు తీసుకోవాలి. పలకకు రెండు అచ్చులు. ఒకటి రికార్డు కోసం. రెండోది బల్ల మీద ముక్కలు పేర్చడానికి. రంగు రేగిన చోట రుద్దకూడదు, అక్కడ పారదర్శక షీటు మీద పైపైన గీసుకోవాలి. ప్రతి ముక్కకూ నంబరు. పగులు, లేని ముక్క, మార్చిన ముక్క ఒక్కోదానికి ఒక్కో రంగు పెన్సిలు.

లెక్క ఇలా తేలింది. పగిలిన ముక్కలు 43. అసలు గాజు పోయి వేరేది పెట్టినవి తొమ్మిది. వాటిలో ఆరింట మామూలు రంగు కిటికీ అద్దం, మూడింట ఎనామెల్ పెయింటు పూసిన ఆక్రిలిక్ ముక్కలు.

కాలం కూడా ఎంచుకోవాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫాన్ల భయం. ఆగస్టు 15 మోక్షారోపణ పండుగకు నడిమి కిటికీ గోడలో ఉండితీరాలి. అందుకని క్రిస్మస్ పండుగలయ్యాక, జనవరిలో దించడం, ఎండల్లో పుట్టీ ఆరనివ్వడం, జూన్‌లో వానలు ముదరక ముందే ఎక్కించడం అనుకున్నాం.

దించడం

పై పలక అంచు కింది పలక మీదికి వాలి ఉంటుంది, వాన నీరు బయటికి జారడానికి. కాబట్టి పైనుంచి కిందికి దించాలి. రాగి తీగలు కత్తిరించి, గాడిలోని గచ్చును హాక్సా బ్లేడుతోనూ సన్నటి ఉలితోనూ తీయాలి. గ్రైండరు పెడితే పని తొందరగా అవుతుంది, కానీ ఆ అదురుకు రేగిన రంగు రాలిపోతుంది. సిమెంటు ఉన్నచోట గాజు వైపు కాక గోడ వైపు తొలుస్తూ, ఒక ఇటుక పోయినా సరే అనుకుని తీశాం. గాడి ఒకవైపు లోతు ఎక్కువ. పలకను ఆ లోతు వైపు జరిపితే రెండోవైపు అంచు బయటికొస్తుంది.

బయటికొచ్చిన పలకను పళ్లెంలా పడుకోబెట్టి మోయకూడదు. పొట్ట పెట్టిన పలక పడుకోగానే మధ్యలో మడత పడుతుంది. వెనక 12 మి.మీ. ప్లైవుడ్, దాని మీద ఫోం, దానికి ఆనించి నిలువుగానే ఇద్దరు పట్టుకుని దించాలి. అయితే కొత్త ప్లైవుడ్ పెట్టెల్లో మూసి నెలల తరబడి ఉంచకూడదు. కొత్త చెక్క నుంచీ ఆమ్లపు ఆవిరి వస్తుంది, సీసం మీద మళ్లీ తెల్లపొడి లేస్తుంది. తెరిచిన చట్రాల్లో, గాలి ఆడేలా నిలబెట్టాం.

సీసం పొడి గురించి పారిష్ కౌన్సిల్‌కు ముందే చెప్పాలి. పని జరిగే చోట పొడిగుడ్డతో తుడవకూడదు, చీపురు పట్టకూడదు. తడిగుడ్డతోనే తుడవాలి. మాస్కు, చేతి తొడుగులు, పని బట్టలు అక్కడే విప్పడం. పక్కన టిఫిన్ తినకూడదు. పరంజా కింద పిల్లలు ఆడకూడదు. సండే స్కూలు వరండా నుంచి వేరే గదికి మారింది ఇందుకే.

శుభ్రం చేయడం

వాడినది దూది చుట్టిన పుల్లలు, డిస్టిల్డ్ వాటర్. మెకానిక్ షాపుల్లో బ్యాటరీ నీళ్లుగా అమ్మేదే, సీలు ఉన్న డబ్బా అయితే చాలు. పుల్లను గాజు మీద రుద్దకుండా దొర్లించాలి. దూది నల్లబడితే మురికి. గోధుమ రంగు పొడి కనబడితే రంగు ఊడుతోందని, అక్కడితో ఆపాలి. కొవ్వొత్తుల మసి నీటికి లొంగకపోతే నీళ్లూ ఇథనాలూ సగం సగం. బయటివైపు నాచుకూ అదే. అమోనియా ఉన్న గ్లాస్ క్లీనర్లు, సబ్బు పొడి, ఆసిడ్ ఏదీ వద్దు.

పసుపు రంగు ఉన్న చోట ఇంకో జాగ్రత్త. మరియమాత తల చుట్టూ కాంతివలయం, అంతోనివారి చేతిలోని లిల్లీ నడుములో బంగారు రంగు, ఇవి పసుపు గాజు కావు. తెల్ల గాజు బయటివైపు వెండి లవణం పూసి 550–600 డిగ్రీల దగ్గర కాలిస్తే గాజు లోపలికే దిగే రంగు అది. గట్టిదే, కానీ పైన గీత పెడితే పసుపు గీరుకుపోతుంది. బయటివైపే కదా అని బ్లేడుతో సిమెంటు మరకలు గీకేవాళ్లు ఇక్కడే దెబ్బ తీస్తారు. ఆ మరకల్ని తడి దూది కప్పి మెత్తబరచి, వెదురు పుల్లతో అంచులు లేపాం. రాని రెండు మూడు మచ్చలు అలాగే ఉంచేశాం. కింద నుంచి కనబడవు.

పగిలిన ముక్కలు

43 పగుళ్లలో ఏడు అంచున ఆగిపోయిన సన్నటి చీలికలు. వాటిని ముట్టుకోలేదు. 19 ముక్కలు బొమ్మ లేని నేపథ్య గాజు. వాటి అంచులకు రాగి రేకు చుట్టి టంకం వేశాం. గీత సన్నగా వస్తుంది, బలంగా ఉంటుంది, రేపు విప్పాలంటే విప్పొచ్చు. మిగిలిన 17 ముక్కలు మొహాలు, చేతులు, బట్టల అంచులు. వీటికి నడుమ రాగి గీత పడితే బొమ్మ చెడుతుంది కాబట్టి పల్చటి ఆప్టికల్ ఎపాక్సీ (పారదర్శక జిగురు) వాడాం. ఇక్కడ వాడిన రకం పూర్తిగా గట్టిపడటానికి వారం పడుతుంది. ముక్కల్ని ముందే ఆరబెట్టి, వెనక మైనంతో నిలబెట్టి, పగులు మీద ఒక్కో చుక్క వేస్తే అదే లోపలికి పీల్చుకుంటుంది. ఎపాక్సీ ఎండకు పసుపెక్కుతుంది. బయట రక్షణ గాజు పెట్టడం ఖాయమైంది కాబట్టే దీనికి ఒప్పుకున్నాం. ఎండకూ వానకూ తెరిచి ఉండే కిటికీలో అయితే ఇదే పని వేరేగా చేయాలి.

పోయిన తొమ్మిది ముక్కలకు జర్మనీలోని లాంబర్ట్స్ అనే గాజు తయారీ సంస్థ నుంచి నోటితో ఊదిన గాజు తెప్పించాం. ఎరుపు ఎంచుకోవడమే కష్టం. ఎర్ర గాజు నిలువునా ఎరుపు కాదు, తెల్ల గాజు మీద పల్చటి ఎర్రటి పొర. ఆ పొర మందం ఒకే షీటులో మారుతుంది. వర్క్‌షాపులో ట్యూబులైటు ముందు సరిపోయిన ఎరుపు తూర్పు ఎండలో గులాబీగా తేలింది. అందుకే నమూనా ముక్కల్ని గోడలోని గాడి దగ్గరే, పొద్దున ఎనిమిదింటి వెలుగులో పట్టుకుని చూసి, షీటులో ఏ భాగం కోయాలో అక్కడే గుర్తు పెట్టాం. కొత్త ముక్క ప్రతిదాని అంచునా, సీసం కింద దాగే చోట, డైమండ్ పెన్నుతో సంవత్సరం గీశాం. రేపు విప్పే వాళ్లకు ఏది పాతది, ఏది కొత్తది అన్న సందేహం ఉండకూడదు.

జోజప్ప మొహం

ఎక్కువ చర్చ జరిగింది దీని మీదే. విచారణ వాళ్ల కోరిక సహజమైనది: కళ్లు లేని సాధువు ముందు మోకరించడం బాగాలేదు. కొటేషన్ ఇచ్చినాయన పాత గాజు మీదే కొత్తగా గీసి మళ్లీ కాలుస్తానన్నాడు. అలా చేస్తే రెండు ప్రమాదాలున్నాయి. పాత గాజు రెండోసారి కొలిమిలో పగలొచ్చు. పగలకపోయినా, మిగిలి ఉన్న అసలు గీతలు కొత్త రంగు కింద శాశ్వతంగా పోతాయి. కాల్చని పచ్చి పెయింటుతో గీస్తే కొన్నేళ్లలో పొట్టు లేస్తుంది. పాత రంగుటద్దాల మీద పనిచేసే అంతర్జాతీయ సంస్థ కార్పస్ విట్రియారం 2004 మార్గదర్శకాల సారం కూడా ఇదే: అసలు పదార్థాన్ని కదపొద్దు, చేసింది వెనక్కి తీసేలా ఉండాలి.

చేసింది ఇది. మొహం ముక్కను వాలు వెలుగులో పెద్దగా ఫొటో తీస్తే, రంగు ఊడిన చోట కూడా గాజు మీద మసక మసకగా గీతల జాడ కనిపించింది. రంగు కూర్చున్న చోట గాజు ఉపరితలం కొంచెం వేరుగా అరుగుతుంది కాబట్టి ఆ నీడ మిగులుతుంది. కనుబొమ్మ, ముక్కు, గడ్డం వరస అంతా దానినుంచే దొరికింది. ఆ జాడనే 1.5 మి.మీ. తెల్ల గాజు మీద కొత్తగా గీసి, విడిగా కాల్చి, పాత ముక్క వెనక ఆనించి, రెంటినీ ఒకే వెడల్పాటి సీసం పట్టీలో కూర్చాం. దూరం నుంచి రెండూ కలిసి ఒకే మొహంగా కనిపిస్తాయి. పాత ముక్క మీద ఒక్క చుక్క రంగు పడలేదు. రెండు గాజుల నడుమ దుమ్ము, తేమ చేరకుండా అంచులకు సన్నటి రాగి రేకు చుట్టాం.

కళ్లలో పాపలు మరీ నల్లగా వేయమని అడిగారు. వెనకున్న కొత్త గాజుకు ముందు పాత గాజు ఉంటుంది కాబట్టి గీత కొంచెం మెత్తబడి కనిపిస్తుంది, నిజమే. కానీ ఎదురుగా ఎండ పడినప్పుడు నల్లటి గీత చుట్టూ వెలుగు కమ్ముకుని మరీ సన్నమవుతుంది, మబ్బు రోజు మాత్రం ముదురుగా తేలుతుంది. రెండు వెలుగుల్లోనూ చూసి మధ్యస్థంగా ఆపాం. అడిగినంత నలుపు వేసి ఉంటే శ్రావణంలో జోజప్ప కోపంగా కనిపించేవాడు.

సీసం, పుట్టీ

ఐదు పలకలకే కొత్త సీసం: మూడు కింది పలకలు, జోజప్ప, మరియమాత కిటికీల్లో రెండో పలకలు. మిగిలిన ఏడింటిలో చీలిన టంకం కీళ్లు సరిచేసి, పుట్టీ తిరిగి నింపాం. పాత సీసం బాగుంటే తీయకూడదు. కిటికీ ఎప్పుడు, ఎవరి చేతిలో పుట్టిందో చెప్పే సాక్ష్యాల్లో అది ఒకటి. పైగా ప్రతిసారీ విప్పినప్పుడు కొన్ని ముక్కలు అంచుల్లో చిట్లక తప్పదు.

లోపలి గీతలకు 6 మి.మీ. పట్టీ, అంచుకు 12 మి.మీ. చదును పట్టీ. పట్టీని వాడేముందు ఒక కొస పట్టుకారులో బిగించి లాగాలి. నిటారవుతుంది, కొద్దిగా గట్టిపడుతుంది. బల్ల మీద లంబకోణంలో రెండు చెక్క బద్దలు కొట్టి, అచ్చు కాగితం మీద మూల నుంచి మొదలుపెట్టి, ముక్క, పట్టీ, మళ్లీ ముక్క. జారకుండా గుర్రపు నాడా మేకులు. వాటి ఒక వైపు చదునుగా ఉంటుంది కాబట్టి గాజు అంచు చిట్లదు. టంకానికి 60 పాళ్ల తగరం, 40 పాళ్ల సీసం. అది 183 నుంచి 190 డిగ్రీల మధ్య కరుగుతుంది. సీసం 327 దగ్గర. ఈ రెంటి మధ్య తేడాలోనే పనంతా. టంకం వేసే ఇనుము ఎక్కువ వేడెక్కి ఒక్క క్షణం ఆగితే కీలు కాదు, పట్టీయే కరిగి గుంట పడుతుంది. ముందు చిత్తు పట్టీ మీద పరీక్షించాకే పలక దగ్గరికి.

ఐదు పలకలకు దాదాపు 70 మీటర్ల పట్టీ పట్టింది. చెత్తకు ఇరవై శాతం ఎక్కువ తెప్పించాలి.

పుట్టీ ఇక్కడే కలిపాం: కిలో సుద్దపొడికి 160 మి.లీ. మరిగించిన అవిసె నూనె, 120 మి.లీ. టర్పెంటైన్, రంగుకు చెంచా దీపపు మసి. దోసె పిండి కంటే చిక్కగా ఉండాలి. బొమ్మ లేని చోట గట్టి బ్రష్షుతో పట్టీల కిందికి తోయాలి. రంగు గీతలున్న చోట బ్రష్షు వద్దు, బొటనవేలితోనే. పైన రంపపు పొట్టు చల్లి మిగులు నూనె పీల్చి, మర్నాడు వెదురు పుల్లతో అంచులు గీసి, రెండు మూడు వారాలు కదపకుండా ఉంచాలి. బజారులో దొరికే కిటికీ పుట్టీ ఎందుకు వద్దంటే, అది పట్టీ కిందికి దిగదు, పైనే గట్టిపడుతుంది. ఇంకో మాట: అవిసె నూనె పట్టిన గుడ్డలు కుప్పగా పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. నీళ్ల బకెట్లో ముంచే ఉంచాలి. ఎండాకాలంలో, చెక్క పరంజా పక్కన, ఇది చిన్న విషయం కాదు.

గోడ, కమ్మీలు, బయటి గాజు

ఖర్చులో ఎక్కువ భాగం రంగుటద్దం మీద కాదు, ఇక్కడ పడింది.

పాత ఇనుప కమ్మీల స్థానంలో 12 మి.మీ. గుండ్రటి ఎస్.ఎస్. 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు ఊచలు. 304 రకం చవక, కానీ సముద్రపు గాలిలో గోధుమ మచ్చలు పడి గుంటలు తింటుంది. గోడలో కొసలు సున్నం గచ్చుతో కూర్చాం: ఒక పాలు సున్నం, మూడు పాళ్లు కడిగిన నది ఇసుక, గచ్చు త్వరగా పట్టడానికి సుర్కీ (ఇటుకపొడి). బీచి ఇసుక ఏ కారణానికీ వద్దు, అందులోని ఉప్పు జీవితాంతం గోడను తడిగా ఉంచుతుంది. సిమెంటూ వద్దు. రాగి తీగ 1.6 మి.మీ.ది, కొత్తగా టంకం వేసి, ఊచ చుట్టూ మూడు మెలికలు. ఎక్కువ బిగిస్తే సీసం కీలే లేచొస్తుంది.

బయటి రక్షణ తుఫానుకు తట్టుకోవాలి. విశాఖకు భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 875 లెక్కన ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు. వేగాన్ని వేగంతో గుణించి 0.6తో హెచ్చిస్తే చదరపు మీటరుకు 1,500 న్యూటన్లు, అంటే సుమారు 150 కిలోల ఒత్తిడి. ఎత్తునూ పరిసరాలనూ బట్టి ఇంజినీరు దాన్ని సవరిస్తారు. రెండు చదరపు మీటర్ల కిటికీ మీద మూడు వందల కిలోలు. సీసం పలక దాన్ని మోయలేదు, మోయమనకూడదు. అందుకే పాత గాడిలో 4 మి.మీ. గాజు, 0.76 మి.మీ. ప్లాస్టిక్ పొర, 4 మి.మీ. గాజుతో చేసిన లామినేటెడ్ అద్దం కూర్చుంది. రంగుటద్దం పలకలు ఇత్తడి చట్రాల్లో 50 మి.మీ. లోపలికి జరిగాయి.

ఆ 50 మి.మీ. సందుకు గాలి ఎటునుంచి ఇవ్వాలన్నదే కీలకం. బయటి నుంచి ఇస్తే ఉప్పు, తేమ నేరుగా రంగుటద్దం వెనక్కి వస్తాయి. లోపలి నుంచి ఇస్తే రంగుటద్దం రెండు వైపులా దేవాలయపు గాలే ఉంటుంది. తెల్లవారుజామున ఆకాశానికి వేడి కోల్పోయి మంచు పట్టేది బయటి అద్దానికే. ఈ విచారణ వాళ్లకు ఏసీ పెట్టే ఆలోచన ఉంది. అప్పుడు ఇది ఇంకా ముఖ్యం. లోపల చల్లబడిన గాజుకు బయటి తడిగాలి తగిలితే సోడా సీసాకు పట్టినట్టు నీరు పడుతుంది. ఆ నీరు పడాల్సింది లామినేటెడ్ అద్దం బయటి ముఖం మీద. చట్రం పైనా కిందా 25 మి.మీ. సందులు వదిలి, పురుగులకు సన్నటి స్టీలు జాలీ పెట్టాం. బయటి అద్దం అడుగున రెండు నీటి తూములు.

ఫలితం: అదే గంటకు, అదే 34 డిగ్రీల నీడలో, సందులో 41 డిగ్రీలు.

ఒక ఫిర్యాదు వచ్చింది, రావాల్సిందే. బయట నుంచి చూస్తే కిటికీలు షోరూము అద్దాల్లా మెరుస్తున్నాయని. మెరుపు కొంత తగ్గాలని లామినేటెడ్ అద్దాన్ని కూడా పాత కమ్మీల ఎత్తుల్లోనే నాలుగు ముక్కలుగా విడగొట్టాం. బయటి అద్దానికీ సీసం గీతలు వేసే పద్ధతి ఉంది, చూడటానికి చాలా బాగుంటుంది. ఖర్చు ఇంచుమించు రెట్టింపు. విచారణ నిధి దానికి చాలదు.

అప్పగించాక

వానాకాలం మొత్తం అయ్యాక చూసినప్పుడు కొత్త సీసం వేసిన ఐదు పలకలూ నిటారుగా ఉన్నాయి. పాత సీసం ఉంచిన ఏడింటిలో ఉబ్బు పెరగలేదు. పీఠం వెనక గోడ ఆరుతోంది, కానీ గోడలో ఇన్నాళ్లు దాగిన ఉప్పు తెల్లగా పైకి వస్తోంది. దాన్ని పొడి బ్రష్షుతో దులపాలి, పెయింటు వేసి మూయకూడదు. అంతోనివారి కిటికీ కింద ఒక తూములో కందిరీగ మట్టి గూడు కట్టింది. సందులో నీరు నిలవడం అక్కడే మొదలవుతుంది.

విచారణకు ఇచ్చిన కాగితంలో ఉన్నవి తక్కువే. రంగుటద్దాన్ని పండుగ శుభ్రత జాబితా నుంచి తీసేయాలి. బయటి అద్దాన్ని మాత్రం మంచినీళ్లతో కడగొచ్చు. క్రిస్మస్‌కు సీరియల్ సెట్లు అడ్డకమ్మీలకు కట్టకూడదు. తెగిన రాగి తీగల్లో సగానికి ఇదే కారణం, తీగల పక్కన పాత వైరు ముడులు ఇంకా ఉన్నాయి. సున్నాలు, పెయింట్లు వేసేటప్పుడు కిటికీకి ముందు బట్ట కప్పాలి, టేపు గాజుకు అంటించకూడదు. కొవ్వొత్తుల స్టాండు కిటికీ కింద నుంచి పక్క గోడకు మారాలి. ఏడాదికోసారి, అలాగే తుఫాను వచ్చిన ప్రతిసారీ వెంటనే, తూములు పుల్లతో పొడిచి చూడాలి, రాగి తీగలు వేలితో కదిపి చూడాలి. తెగిన తీగ ఒకటి కనిపిస్తే మిగతావి తెగేదాకా ఆగకూడదు. టంకం వేసే మనిషిని పిలిస్తే ఒక పూట పని.

పాటల అటక మీదున్న గుండ్రటి కిటికీ ఈ పనిలో లేదు. దానికీ బయట అదే షీటు బిగించి ఉంది. డబ్బు సమకూరే దాకా షీటు కింది అంచున సిలికాన్ కోసి, పైన రెండు అంగుళాల సందు తెరిపించాం.